ద్రాక్షతోటల దారిలో చీపురు దెబ్బలు

మా బావమరిదిని ఒక జర్మన్ ముసలావిడ పట్టపగలు, తన ఇంటి గేటు ముందు, చీపురు తిరగేసి కొట్టింది. ఆవిడకు ఎనభై ఏళ్లుంటాయి, ఎత్తు నా మోచేతి దాకా. అతడు ఆరడుగుల మనిషి. ఈ సంగతి బ్యోబ్లింగెన్‌లో మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర నుంచి హనుమకొండలో మా అత్తగారి వంటింటి దాకా అందరికీ తెలుసు. చెప్పింది నేనే. చెప్పిన ప్రతిసారీ ముసలావిడ రెండంగుళాలు కుదించుకుపోయింది, చీపురు రెండంగుళాలు పొడుగైంది. ఒక్క ముక్క మాత్రం ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాలంటే ముందు నేను సైకిల్ ఎందుకు కొన్నానో చెప్పాలి.

కరోనా వచ్చిన మొదటి ఏడు మా ఆఫీసు మూసేశారు. పడగ్గదిలో ఉద్యోగం, వంటింట్లో లంచ్ బ్రేకు, మధ్యలో పదకొండు అడుగుల ప్రయాణం. ఆ పదకొండు అడుగులకే నాకు ఆయాసం రావడం మొదలైంది. వసంతం ముగిసేసరికి నా పొట్ట నాకంటే ముందు వీడియో కాల్‌లో కనిపించేది. అప్పుడు సైకిల్ కొన్నాను. ఆ రోజుల్లో దేశం మొత్తంలో టాయిలెట్ పేపరు తర్వాత అంతగా మాయమైన వస్తువు సైకిలే. షాపులో మిగిలిన ఆఖరి సైకిల్ హ్యాండిల్‌ను నేనొక పక్క, గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి ఒక పక్క పట్టుకుని, మధ్యలో మీటరున్నర దూరం పాటిస్తూ, ఒక ముప్పావుగంట లాక్కున్నాం. నేను మాస్కు కిందకి లాగి దగ్గాను. ఆయన వదిలేశాడు. గెలుపు గెలుపే.

సైకిల్ వచ్చాక కల వచ్చింది. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల మధ్య సైకిల్ మీద ఊరూరా తిరగాలి, సాయంత్రానికి ఒక రాతి అరుగు మీద కూర్చుని ఆ ఊరి వైన్ తాగాలి. వీడియోలు చూసి చూసి, ఆ దారుల్లో ఎక్కడ గుంతలున్నాయో కూడా నాకు కంఠతా వచ్చేసింది. వెనక దూది పెట్టి కుట్టిన నిక్కరు తెప్పించాను. అది వేసుకుని హాల్లోకి వస్తే మా ఆవిడ పైనుంచి కిందకి చూసి, "డైపరు సైజు సరిపోయిందా?" అని అడిగింది. సెప్టెంబరులో బయల్దేరదామనుకునేసరికి ఫ్రాన్స్ వైపు కేసులు పెరిగాయి. పోయి వస్తే పద్నాలుగు రోజులు ఇంట్లో బందీ. సరే, అవతలి ఒడ్డు కాకపోతే ఇవతలి ఒడ్డు అనుకున్నాను. రైన్ నదికి ఇటు బాడెన్ కొండల నిండా ద్రాక్షతోటలే. వాటి మీదెక్కితే ఫ్రాన్స్ కొండలు నీలంగా కనిపిస్తాయి. కంటితో చూసినా ఫ్రాన్స్ ఫ్రాన్సే.

మా బావమరిది అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం, ఆ వేసవిలో ఊడింది. బ్లూ కార్డు వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం ఊడితే ఇంకోటి వెతుక్కోవడానికి మూడు నెలలు ఇస్తారు. ఆ మూడు నెలల్లో పదకొండు రోజులు మిగిలాయి. అరవై చోట్ల అప్లై చేశాడు, యాభై తొమ్మిది చోట్ల నుంచి విచారం వెలిబుచ్చుతూ ఉత్తరాలు వచ్చాయి. మిగిలిన ఒక్కటి సోమవారం మధ్యాహ్నం మూడింటికి వీడియో ఇంటర్వ్యూ. అది కూడా పోతే పెట్టె సర్దుకోవడమే. ఫారినర్స్ ఆఫీసు వాళ్ల ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. చొక్కా ఉతికినా ఆ ఉత్తరం మాత్రం చేతిలోనే ఉండేది.

"వాడు నాలుగు గోడల మధ్య కూసోని గోళ్లన్నీ కొరికేసిండు, ఇగ వేళ్ల మీద పడ్డడు," అంది మా ఆవిడ. "నీతోని మూడు రోజులు తీస్కపో. కానీ ఆదివారం సాయంత్రానికల్లా నా తమ్ముడు నాకు పూర్తిగ కావాలె. చెయ్యి ఒకటి, కాలు ఒకటి తెస్త అంటే ఊకోను."

అలా గురువారం బయల్దేరాం. మొదటి రోజు వర్ణించదగ్గ యుద్ధాలేమీ జరగలేదు. నేను రెండుసార్లు పడ్డాను, అంతే. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు లాడ్జిలో బ్రెడ్డు మీద గోంగూర రాసుకుంటుంటే అతడి ఫోను మోగింది. సోమవారం ఇంటర్వ్యూ చేసేవాళ్లకు వీలు కాదట, ఇవాళే మూడింటికి పెట్టుకుందామా అని మెయిలు. అరవైలో అరవయ్యోది. కాదంటే ఏమనుకుంటారో. అతడు సరేనని కొట్టి, బ్యాగులో ల్యాప్‌టాప్ ఉందో లేదో తడిమి చూశాడు. ఆ ల్యాప్‌టాప్‌ను ఆ మూడు నెలలూ స్నానాల గది దాకా మోసుకెళ్లాడు మనిషి.

లాడ్జి గది పదింటికి ఖాళీ చేయాలి, క్రిమిసంహారకం కొడతారట. ఆ రాత్రికి మేం బుక్ చేసుకున్న గది ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పట్టణంలో ఉంది. అక్కడ మంచి ఇంటర్నెట్ ఉంది.

"బావా, పదీ నలభైకి ట్రైన్ ఉంది. అరగంటల పోతం," అన్నాడు.

"ముప్పై కిలోమీటర్లకు ట్రైనా? ఫ్రాన్స్‌ల పాలప్యాకెట్టుకు అంత దూరం తొక్కుతరు."

"మనం ఫ్రాన్స్‌ల లేం."

"కనిపిస్తుంది కద. ఒంటిగంటకు నిన్ను టేబుల్ ముందు కూసోబెట్టకపోతే అడుగు."

అతడు ఒక్క క్షణం స్టేషను వైపు చూశాడు. నేను పెద్దవాణ్ణి, అక్క మొగుణ్ణి, పైగా దూది నిక్కరు వేసుకున్న అనుభవజ్ఞుణ్ణి. సైకిలెక్కాడు.

మొదటి గంట బాగానే గడిచింది. అప్పుడు ఆ నలుగురు వచ్చారు. బ్యాటరీ సైకిళ్ల మీద రిటైరైన పెద్దలు, ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒకే రంగు పసుపు జాకెట్లు. తొక్కకుండానే రాకెట్లలా దూసుకొచ్చి, గంట కొట్టకుండా మా పక్కనుంచి పోతూ, ముందున్న పెద్దాయన మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచాడు. నేను గట్టు దాటి, దురదపుట్టించే ఆకుల పొదలో తలకిందులుగా దిగాను. ఆ ఆకులు ముట్టుకుంటే నిప్పు. నా ఒంటి మీద అవి ముట్టుకోని చోటు దూది ఉన్న చోటు ఒక్కటే. పైకి లేచేసరికి నా మొహం ఉబ్బి రెండు మొహాలంత అయింది. పసుపు జాకెట్లు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. వాళ్ల వీపుల్ని నేను గుర్తు పెట్టుకున్నాను.

ఆ కసి మీద ఉన్నాను కాబట్టి, కొండ చుట్టూ తిరిగే రోడ్డు వదిలి, కొండ మీదుగా అడ్డదారి పట్టించాను. "ఆరు కిలోమీటర్లు మిగులుతయి," అన్నాను. ఆ కొండ మెట్లుమెట్లుగా ఉంటుంది, ప్రతి మెట్టు మీదా ద్రాక్ష. సైకిల్ తొక్కే దారి కాదు, సైకిల్ మనల్ని తొక్కే దారి. మూడో మెట్టు మీద ఉండగా మా చెవుల పక్కనే ఫిరంగి పేలింది.

ఫిరంగే. పండిన ద్రాక్షలు పిట్టలు తినకుండా తోటల్లో గ్యాసుతో పేలే గొట్టాలు పెడతారు. కాసేపటికోసారి దానంతటదే పేలుతుంది. ఈ వివరం మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మా బావమరిది మమ్మల్ని ఎవరో కాల్చారనే అనుకున్నాడు. సైకిల్ వదిలేసి ముందుకు దూకాడు. ద్రాక్షతీగలకు కట్టిన ఇనపతీగ అతడి రెండు మోకాళ్లనూ ఒకేసారి కోసింది. వెల్లకిలా పడి ఉంటే మెత్తటి మట్టి. కానీ వీపు మీద ల్యాప్‌టాప్ ఉంది. అందుకని గాల్లోనే మెలితిరిగి బోర్లా పడ్డాడు. ఆ రోజంతా అతడు ఎన్నిసార్లు పడ్డా మొహం మీదే పడ్డాడు.

రక్తం కారే మోకాళ్లతో ఇంకో నాలుగు మెట్లు ఎక్కాం. పైన దారి లేదు. ఒక మట్టిగోడ, దాని మీద ఇంకో మట్టిగోడ. టైము ఒంటిగంటంపావు. నేను చెప్పిన ఒంటిగంట పావుగంట కిందటే వెళ్లిపోయింది. ఎదురుగా మాత్రం ఫ్రాన్స్ కొండలు, నేను వీడియోల్లో చూసిన దానికంటే అందంగా, నీలంగా ఉన్నాయి.

"చూసినవా బామ్మర్దీ, అదే ఫ్రాన్స్," అన్నాను.

అతడు బ్యాగు భుజాల నుంచి తీశాడు. పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఒక ద్రాక్షమొదలు పక్కన నీడలో పెట్టాడు. హెల్మెట్ తీసి బ్యాగు మీద కప్పాడు. అప్పుడు నాకర్థమైంది, ఇది కోపం కాదు, నిర్ణయం అని.

మొదటి గుద్దు నా దవడకు తగిలింది. రెండోది ఎక్కడ తగిలిందో తెలీదు, ఎందుకంటే అప్పటికి నేను కింది మెట్టు మీదున్నాను. అతడు నా మీదకు దూకాడు. ఇద్దరం కలిసి ఇంకో మెట్టు దొర్లాం. కుళ్లిన ద్రాక్షలు మా కింద నలిగి, కందిరీగలు లేచి, ఎవరు ఎవర్ని కొడుతున్నారో చూడకుండా ఇద్దర్నీ కుట్టాయి. నేను అతడి చెవి పట్టుకున్నాను, అతడు నా సైకిల్ పంపు పట్టుకున్నాడు. ఆ పంపుతో నా వీపు విమానం మోత మోగించాడు. నాలుగు పదుల వయసు దాటిన ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, పన్నులు కట్టేవాళ్లు, చెత్తను నాలుగు డబ్బాల్లో వేరువేరుగా వేసేవాళ్లు, బజారు కుక్కల్లా కొట్టుకున్నాం.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పగలను. తర్వాత ఒక క్షణం ఉంది. అతడు నా ఛాతీ మీద కూర్చుని, రెండు చేతులూ నా మెడ మీద పెట్టాడు. నొక్కలేదు. పెట్టాడంతే. నా మొహంలోకి చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు: "బావా, మా నాయినకు చెప్పలేదు నేను. ఉద్యోగం పోయిందని ఊర్ల ఎవలకూ తెల్వదు. నీకు ఇదంతా ఆటలెక్కనే ఉంది."

అప్పుడు ఫిరంగి మళ్లీ పేలింది. అతడు ఉలిక్కిపడలేదు. లేచి, బ్యాగు దుమ్ము దులిపి, వీపుకు తగిలించుకుని కిందకు దిగడం మొదలుపెట్టాడు. నా ముందు పన్ను సగం విరిగిన సంగతి అప్పుడు నాలుకకు తగిలింది.

ఆ పన్ను గురించి చెప్తున్నానంటే కారణం ఉంది. కొండ దిగి, మిట్టల మధ్య లోతుగా తవ్వినట్టుండే ఒక ఇరుకు దారిలో, ఫోనుకు సిగ్నల్ లేకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా గంటసేపు తొక్కాం. గతుకు వచ్చినప్పుడల్లా గాలి ఆ పంటిలోకి సూదిలా దిగేది. దిగినప్పుడల్లా అతడి మీద నా మనసు ఇంకొంచెం గట్టిపడేది. రెండూ ఇరవైకి ఒక చిన్న ఊరు వచ్చింది. చర్చి, నీళ్ల తొట్టి, ఒక వీధి. మా పట్టణం ఇంకా పదకొండు కిలోమీటర్లు. ఇక చేరలేమని ఇద్దరికీ తెలుసు. ఎవరి ఇల్లయినా, ఏ కొట్టయినా సరే, ఇంటర్నెట్ ఉంటే చాలని వెతుకుతున్నాం. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి.

వీధి చివర, ఆ నీళ్ల తొట్టి పక్కనే, ఒక పెద్ద గేటు. దాని మీద, బయటకు పొడుచుకొచ్చిన ఇనప కొక్కేనికి, ఒక చీపురు వేలాడుతోంది. పుల్లలు పైకి, కర్ర కిందకి.

మా ఇళ్లల్లో చీపురు తలుపు వెనక పడుకుని ఉంటుంది. బయటివాళ్లకు కనిపించదు. నిలబెట్టరు, తలకిందులుగా అసలే పెట్టరు. ముఖ్యమైన పని మీద పోయేవాడికి చీపురు ఎదురైతే మా అత్తగారు అతణ్ణి లోపలికి తీసుకొచ్చి, మంచినీళ్లు తాగించి, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ పంపుతుంది. మా బావమరిది కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసినవాడు. మామూలు రోజైతే నవ్వి ఊరుకునేవాడు. మిగిలిన ఒక్క ఇంటర్వ్యూకి నలభై నిమిషాల ముందు, రక్తం కారే మొహంతో, గుమ్మం ఎత్తున తలకిందులుగా వేలాడే చీపురు కనిపిస్తే ఎవడి మాస్టర్స్ డిగ్రీ ఏం ఆపుతుంది?

"ఇగ ఇదొక్కటే తక్కువైంది," అన్నాడు. సైకిల్ గోడకు ఆనించి, తొట్టి అంచు ఎక్కి, చీపురు కట్టిన తీగ విప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆ చెప్పని ముక్క. ఆ చీపురేమిటో నాకు తెలుసు.

అప్పటికే బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల పదకొండేళ్లుగా ఉంటున్నవాణ్ణి. అక్కడ చాలా ఊళ్లలో ద్రాక్ష పండించే రైతులు ఏడాదిలో కొన్ని వారాలు తమ ఇంట్లోనే బల్లలు వేసి సొంత వైనూ, ఉల్లిపాయల రొట్టే అమ్ముతారు. బోర్డు ఉండదు. గేటుకు చీపురు కడతారు. చీపురుంటే రండి అని, లేకపోతే మూసి ఉందని. అలాంటి చీపుర్ల కింద నుంచి నేను వంగి ఎన్నిసార్లు లోపలికి పోయానో నా పొట్టకు తెలుసు. ఈ ప్రాంతంలో కొందరు చీపురుకు బదులు కొమ్మల గుత్తి కడతారట. ఈ ఇంటిది చీపురే. మా బావమరిది మ్యూనిక్ వైపువాడు, బీరు దేశం. అతడికి తెలియదు.

తీగ గట్టిగా చుట్టి ఉంది. విప్పడానికి నిమిషం పట్టింది. "ఒరేయ్, ఆగు, అది తెరిచున్న హోటల్, లోపల ఇంటర్నెట్ ఉంటది" అనడానికి నాకు నాలుగు సెకన్లు చాలు. నేను సైకిల్ మీద కూర్చుని, విరిగిన పంటిని నాలుకతో తడుముతూ, చూస్తూ ఉన్నాను. చీపురు కిందకి దిగింది. అతడు దాన్ని గోడ పక్కన పడుకోబెట్టాడు.

అంతటితో ఆగినా బాగుండేది. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో పసుపు జాకెట్లు కనిపించాయి. అదే నలుగురు. గేటు దాకా వచ్చి, పైకి చూసి, నన్ను పొడిచిన పెద్దాయన నన్నే అడిగాడు: "ఇవాళ తెరవలేదా?"

"లేదనుకుంటా," అన్నాను నేను శుద్ధమైన జర్మన్‌లో. వాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. దురదాకుల పొద నుంచి మొదలైన నా యుద్ధం నేను గెలిచాను.

లోపల కిటికీ మూసుకున్న చప్పుడు. గేటు తెరుచుకుంది. ఆవిడ వచ్చింది.

గడ్డం కింద మాస్కు, నడుముకు నీలం ఏప్రను, కాళ్లకు రబ్బరు బూట్లు. కొక్కెం చూసింది. గోడ పక్క చూసింది. తొట్టి మీద నిలబడి చేతులు దులుపుకుంటున్న మా బావమరిదిని చూసింది. చీపురు తీసుకుంది.

మొదటి నాలుగు దెబ్బలూ పుల్లల వైపుతో. ఎండిన బర్చ్ చెట్టు పుల్లలు, ఇనప దువ్వెనలాంటివి. అతడు వీపు తిప్పితే బతికిపోయేవాడు. వీపు మీద ల్యాప్‌టాప్. అందుకని మొహం ఇచ్చాడు. ఎడమ చెంప, కుడి చెంప, నుదురు, మళ్లీ ఎడమ చెంప. తర్వాత చీపురు తిరగేసింది. కర్రతో మోకాళ్ల మీద, ఇంతకుముందు ఇనపతీగ కోసిన చోటే, కొలిచినట్టు. అతడు తొట్టిలో పడ్డాడు, బోర్లా, బ్యాగును నీళ్ల పైకి ఎత్తి పట్టుకుని. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆవిడ తొట్టి చుట్టూ తిరుగుతూ నాలుగు దిక్కుల నుంచీ కొట్టింది.

"మూడోసారి," అని అరిచింది. "మూడోసారి తీశారు. వసంతమంతా మూసుకున్నాం, వేసవంతా మూసుకున్నాం. ఈ వారమే తెరిస్తే, ఇవాళ నలుగురు వచ్చి తిరిగిపోయారు. నా కళ్ల ముందు. మీకేం కావాలి, దొంగల్లారా?"

చీపురు ఎవరు తీస్తున్నారో తెలియక రెండుసార్లు దాచుకున్న కోపం కూడా ఈ మూడోసారిలో కలిపి కొట్టింది. నేను అడ్డం పోయాను. మర్యాద కోసం పోయాను. నాకు రెండు తగిలాయి, చెవి మీద ఒకటి, దూది మీద ఒకటి. దూదికి పెట్టిన డబ్బు ఆ రోజు గిట్టుబాటైంది.

మా బావమరిది తొట్టిలో మోకాళ్ల మీద నిలబడి, తడిసిన జేబులోంచి ఆ నాలుగు మడతల ఉత్తరం తీసి ఆవిడకు చాచాడు. అతడి జర్మన్ ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్లు అడగడానికి సరిపోయేంత జర్మన్. దాంతోనే చెప్పాడు. మా ఊళ్లో గుమ్మంలో చీపురు అంటే చెడు జరుగుతుందని. మూడింటికి ఇంటర్వ్యూ అని. పదకొండు రోజులే ఉన్నాయని. మీ చీపురు ఏమిటో నాకు తెలియదని. క్షమించమని.

ఆవిడ ఉత్తరం తీసుకోలేదు. కర్రతోనే దాన్ని తెరిచి, దూరం నుంచి చదివింది. కింద స్టాంపు చూసింది. చర్చి గడియారం చూసింది. రెండూ ముప్పై ఆరు.

"ముందు ఎక్కడిది అక్కడ కట్టు," అంది.

అతడు కట్టాడు, నీళ్లోడుతూ, తలకిందులుగా. అంతకుముందు కంటే గట్టిగా కట్టాడు. ఆవిడ అతణ్ణి మెడ పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. ద్రాక్షలు పిండే గది పక్కన చిన్న గది, అందులో ఇంటర్నెట్ డబ్బా. మొహం కడిగి, ద్రాక్షతొక్కలతో కాచిన సారా గుడ్డ మీద పోసి గాట్ల మీద అద్దింది. అతడు వేసిన కేకకు ఫిరంగి కూడా సిగ్గుపడి ఉంటుంది. చనిపోయిన వాళ్ల ఆయన చొక్కా ఒకటి ఇచ్చింది. మొహం మీద గాట్లు కనబడకుండా మాస్కు పెట్టుకుని, మూడింటికి రెండు నిమిషాల ముందు, అతడు కెమెరా ముందు కూర్చున్నాడు.

నన్ను బయటకు తోసి, ఆ గది కిటికీ కింద ఉన్న బల్ల మీద కూర్చోమంది. కదిలితే చంపుతానన్నట్టు వేలు చూపించింది. కిటికీ తెరిచే ఉంది. పదిహేను నిమిషాలు అంతా సవ్యంగా సాగింది. అతడి గొంతు మెల్లగా నిలదొక్కుకుంటోంది.

అప్పుడు గేటు లోంచి పసుపు జాకెట్లు వచ్చాయి. పక్క ఊళ్లో ఏదీ తెరిచి లేక తిరిగొస్తూ, చీపురు చూశారట. పెద్దాయన సంతోషంగా చేతులు రుద్దుకుంటూ ముసలావిడతో అన్నాడు: "ఇంతకుముందు వస్తే మూసి ఉందని చెప్పాడే, అదిగో, ఆ లావాటి మనిషి."

ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. "నీకు తెలుసు," అంది, గొంతు తగ్గించి. ప్రశ్న కాదది.

నేను తల వంచాను. ఆవిడ వెళ్లి, పెరట్లో ఊడ్చే చీపురు తెచ్చింది. గేటుకు కట్టింది మర్యాదకు, ఇది పనికి.

లోపల ఇంటర్వ్యూ చేస్తున్నావిడ గొంతు ఇంగ్లీషులో వినిపించింది: "తెలియకుండా మీరు ఏదైనా పాడుచేసిన సందర్భం ఒకటి చెప్పండి."

"యాభై నిమిషాల కిందట," అన్నాడు మా బావమరిది. అటువైపు ఎవరో నవ్వారు. అతడు మాస్కు తీసేశాడనుకుంటా, ఎందుకంటే నవ్వు ఠక్కున ఆగిపోయింది.

అతడు చీపురు కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ చీపురు నా వీపు మీద పని మొదలుపెట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కానీ లోపల కుర్రాడి బతుకు నడుస్తోందని తెలుసు. అందుకని చప్పుడు కాకుండా కొట్టింది. కర్ర కొసతో పొడుస్తూ, పుల్లలు మెడలో గుచ్చి తిప్పుతూ, రబ్బరు బూటుతో నా కాలివేళ్లు ఒక్కొక్కటే తొక్కుతూ. నేను నోట్లో పిడికిలి పెట్టుకుని, విరిగిన పంటితో దాన్ని కొరుక్కుంటూ కూర్చున్నాను. పసుపు జాకెట్లు వైన్ గ్లాసులు పట్టుకుని నిశ్శబ్దంగా చూశాయి.

"పనిలో కూడా నేను అదే చేస్తాను," అంటున్నాడు అతడు లోపల. "నాకు అర్థం కానిది కనిపిస్తే, చెడ్డదనుకుని తీసేస్తాను. దాన్ని చూసుకుని ఎవరు నడుస్తున్నారో అడగను. ఇవాళ నలుగురు మనుషులు వెనక్కి వెళ్లిపోయారు. ఇకమీదట ముందు అడుగుతాను." తర్వాత అన్నాడు: "నా పక్కన మా బావ ఉన్నాడు. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉన్నాడు. ఆయనకూ తెలియదు. తెలిసుంటే నన్ను ఆపేవాడు."

ఆ రోజు నాకు దవడ మీద తగిలింది, వీపు మీద పంపు తగిలింది, దురదాకు, కందిరీగ, చీపురు, బూటు తగిలాయి. ఏ దెబ్బకూ కళ్లలో నీళ్లు రాలేదు. ముసలావిడ నా మొహం చూసి, తనే ఎక్కువ కొట్టిందనుకుని, చీపురు దించేసింది. లోపలికి వెళ్లి ఒక గ్లాసు కొత్త వైన్ తెచ్చి, నా పక్కన బల్ల మీద పెట్టింది. పంటికి తగిలి ప్రాణం పోయింది. తాగేశాను.

గదిలోంచి అతడు బయటకు వచ్చేసరికి కనుబొమ్మ మీద కందిరీగ కుట్టి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. జవాబు మధ్యలో కుట్టిందట, ఆపలేదట. నా మెడ చూసి, "గిదేంది బావా, గిట్ల గీరుకపోయింది?" అన్నాడు.

"తీగలు తగిలినయి," అన్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మెయిలు వచ్చింది. మ్యూనిక్ పక్కనే గార్చింగ్‌లో ఆఫీసు, తర్వాతి నెల ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు. అతడు దాన్ని నాలుగుసార్లు చదివి, వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత వాళ్ల నాయనకు ఫోను చేసి, అయిదు నిమిషాల్లో ఉద్యోగం పోయిందనీ వచ్చిందనీ రెండూ చెప్పాడు. మేం ఇల్లు చేరిన రోజునే మా ఆవిడ వాడి చెంపల మీద గాట్లు చూసి ఏడ్చి, నా పన్ను చూసి నవ్వింది. ఆ రోజు కొండ మీద ఏం జరిగిందో మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ నా పన్నును బ్యాటరీ సైకిల్ పెద్దాయన ఖాతాలో వేశారు.

అతడు ప్రతి సెప్టెంబరులో ఆ ముసలావిడ దగ్గరికి వెళ్తాడు. ఏటా తెరిచే మొదటిరోజు చీపురు కట్టేది అతడే. ఆవిడ కింద నిలబడి, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటుంది. నన్నూ రమ్మంటాడు. నాకు ఆ రోజుల్లోనే ఆఫీసు పని ఎక్కువగా ఉంటుంది. "ఓమా నిన్ను అడిగింది బావా," అని చెప్తాడు వచ్చాక. ఓమా అంటే ఇక్కడ అమ్మమ్మ. ఏమడిగిందని నేను అడగను. ఆవిడ మాత్రం అతడికి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఆవిడ కాదు కదా.

ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి అతడికే పంపిస్తున్నాను. చదివి, గార్చింగ్ నుంచి బయల్దేరి వస్తే మా ఇంటికి మూడు గంటలు. వస్తే, కొట్టే ముందు బ్యాగు తీసి పెట్టుకోవడానికి గుమ్మం పక్కన ఒక కుర్చీ ఖాళీ చేసి ఉంచాను. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చీపురును, హనుమకొండ నుంచి మా అత్తగారు పంపినదాన్ని, కింద సామాన్ల కెల్లర్‌లో దాచబోయి, మళ్లీ తీసుకొచ్చి తలుపు వెనక ఎప్పుడూ ఉండే చోటే పడుకోబెట్టాను. అతడు వెతుక్కునే అవసరం ఉండకూడదు.